తులసికోట దాకా వచ్చిన కారు

ఉత్తరం: అన్నయ్య గారికి నమస్కారం. మాది బరంపురం. మావారు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు, అరవై ఎనిమిదేళ్ళు. విశాఖలో ఉన్న మా అబ్బాయి కొత్త కారు కొనుక్కుని పాతది మాకిచ్చాడు. 2005 మోడలు పెట్రోలు సెడాను, ఆటోమేటిక్. స్టీరింగు మీద క్రూయిజ్ కంట్రోల్ మీటలున్నాయి, అంటే కాలు తీసేసినా పెట్టిన వేగంలోనే కారు పోయే ఏర్పాటు. కిందటి నెల విశాఖ వెళ్ళి వస్తూ టెక్కలి దాటాక ఎనభై మీద క్రూయిజ్ పెట్టారు. ముందు గడ్డి ట్రాక్టరు కనబడితే బ్రేకు మీద కాలు వేశారు. కారు కాస్త తగ్గింది. కాలు తీయగానే ఇంజను గట్టిగా అరిచి ట్రాక్టరు మీదికి దూకింది. దేవుడి దయవల్ల ఆపగలిగారు. పది రోజుల తర్వాత మా గేటులోంచి లోపలికి పెడుతుంటే ఒక్క ఊపున వెళ్ళి తులసికోటను గుద్దేసింది. బ్రేకే తొక్కానని ఆయన ఒట్టేసి చెబుతున్నారు. వెనక నిలబడ్డ పనమ్మాయి ఎర్ర లైట్లు వెలగలేదంది. మెకానిక్ కంప్యూటరు తగిలించి చూసి, ఏమీ లేదన్నాడు. నాన్నకు వయసైపోయింది, కారు అమ్మేద్దామని మా అబ్బాయి. ఆ మాట విన్నప్పటి నుంచి ఈయన సరిగా అన్నం తినడం లేదు. కారుకు ఇంకో చిన్న జబ్బు కూడా ఉంది, గేరు లివరు ఒక్కోసారి పార్కింగు గుర్తు 'పి'లోంచి రాదు, బ్రేకు రెండు మూడుసార్లు తొక్కాలి. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు. తప్పు కారుదా, ఆయనదా? – ఒక సోదరి, బరంపురం

చెల్లెమ్మా,

ఉత్తరం చివర్లో, రాయాలా వద్దా అన్నట్టు ఒక ముక్క రాశారు చూడండి, లివరు 'పి'లోంచి ఒక్కోసారి రాదని. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ ముక్క పట్టుకుని మిగతా ఉత్తరమంతా మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆటోమేటిక్ కారులో బ్రేకు తొక్కితేగానీ లివరు 'పి'ని వదలదు. మరి కాలు బ్రేకు మీద ఉందని లివరుకు ఎవరు చెబుతారు? డ్రైవరు కాళ్ళ దగ్గర వంగి తల పైకెత్తి చూస్తే, బ్రేకు పెడల్ కాడకు ఆనుకుని బొటనవేలంత స్విచ్ ఒకటి కనబడుతుంది. అదే చెబుతుంది. వెనక ఎర్ర లైట్లు వెలిగించేదీ అదే. క్రూయిజ్‌తో ఇక వదిలెయ్ అనేదీ అదే. మూడిళ్ళకు ఒకే పోస్ట్‌మ్యాన్ అన్నమాట. ఆయన సరిగా తిరక్కపోతే మూడిళ్ళలోనూ ఫిర్యాదే వస్తుంది. మీ లివరు రావడం లేదు, పనమ్మాయికి లైట్లు కనబడలేదు, టెక్కలి దగ్గర క్రూయిజ్ వదల్లేదు. నా అనుమానమంతా ఆ స్విచ్ మీదే.

కాబట్టి ముందుగా ఒక మాట. పనమ్మాయి చెప్పింది నిజమే కావచ్చు, కానీ అది బావగారికి వ్యతిరేక సాక్ష్యం కాదు. స్విచ్ మొరాయించే కారులో ఎంత బ్రేకు తొక్కినా లైట్లు వెలక్కపోవచ్చు. ఈ సంగతి మీ అబ్బాయికి ఈ రోజే ఫోను చేసి చెప్పండి.

స్విచ్‌ను పట్టుకోవడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా, బావగారు బ్రేకు మీద కాలు మెల్లగా నొక్కుతూ పోవాలి. మీరు వెనక నిలబడి చూడండి. పెడల్ ఇలా కదిలిందో లేదో అలా లైట్లు వెలగాలి. సగం దిగాక వెలిగినా, ఒకసారి వెలిగి ఒకసారి వెలక్కపోయినా స్విచ్ లోపల పలకలు మాడిపోయి ఉంటాయి, లేదా దాని బిగింపు జరిగి ఉంటుంది. ఓ ఇరవైసార్లు చేయండి. ఇలాంటి జబ్బు డాక్టరు ముందు దాక్కునే రకం, రెండుసార్లు చూసి బాగానే ఉందనుకుంటే మోసపోతాం. చాలా కార్లలో ఈ స్విచ్‌కు రెండు జతల తీగలుంటాయి, ఒకటి పోయినా రెండోది క్రూయిజ్‌ను విడిపించాలని. కానీ స్విచ్ బిగింపే పక్కకు జరిగితే రెండు జతలూ కలిసే ఆలస్యం చేస్తాయి. మార్చడానికి అరగంట కూడా పట్టదు.

మెకానిక్ కంప్యూటరులో ఏమీ కనబడలేదంటే ఆశ్చర్యం లేదు. 2005 నాటి చాలా కార్లలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజను దాకా వెళ్ళేది ఇనప తీగే. తీగ చీలినా, తుప్పు పట్టినా, కాళ్ళ కింద పట్టా ముడుచుకున్నా కంప్యూటరుకు తెలియదు. బానెట్ ఎత్తి చూడమనండి. థ్రాటిల్, అంటే ఇంజనుకు గాలి వదిలే తలుపు, దాని దగ్గరికి రెండు తీగలు వస్తుంటే ఒకటి పెడల్‌ది, రెండోది క్రూయిజ్‌ది. క్రూయిజ్ పెట్టినప్పుడు మీ కాలి బదులు ఆ రెండో తీగే థ్రాటిల్‌ను లాగి పట్టుకుంటుంది. ఇంజను ఆపి థ్రాటిల్‌ను చేత్తో తిప్పి వదిలితే టక్‌మని వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే మసి పట్టినట్టు, దాన్ని స్ప్రే కొట్టి తుడవాలి. అయినా రాకపోతే స్ప్రింగో, తీగో. మనది సముద్రపు గాలి. గోపాలపూర్ వైపు తిరిగే బళ్ళకు తీగల తొడుగుల్లోకి ఉప్పు చేరి లోపల తుప్పు కడుతుంది, పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి. ఇంజనును బండికి పట్టి ఉంచే మౌంటులు కూడా ఓసారి చూడమనండి. అవి విరిగితే ఇంజను ఒరిగినప్పుడల్లా తీగను తనే లాగేసుకుంటుంది.

క్రూయిజ్ తీగ కథ కల్పన కాదు. 2012లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో తన ఎస్కేప్ బళ్ళను, 2001 నుంచి 2004 దాకా వచ్చిన మోడళ్ళను వెనక్కి పిలిచింది. క్రూయిజ్ తీగ కొస ఇంజను మీది మూతకు తగిలి థ్రాటిల్ తెరుచుకునే ఉండిపోయే ప్రమాదం ఉందని. అంత పెద్ద కంపెనీకే మూతకూ తీగకూ మధ్య జాగా చాలలేదు. ఇరవై ఏళ్ళలో మీ కారు బానెట్ కింద ఎన్ని చేతులు దూరి ఉంటాయో ఆలోచించండి.

ఇప్పుడు టెక్కలి సంగతి. బావగారు కాలు మెత్తగా వేసి ఉంటారు, ట్రాక్టరు ఇంకా కాస్త దూరంలోనే ఉంది కదా. బ్రేకు పని చేసింది, కారు తగ్గింది. కానీ కబురు చేరలేదు కాబట్టి క్రూయిజ్ మాత్రం 'ఎనభై ఎక్కడ, ఎనభై ఎక్కడ' అని వెతుక్కుంటూనే ఉంది. కాలు తీయగానే దానికి అడ్డు పోయింది. గేరు ఒకటి దింపి, థ్రాటిల్ లాగి ఎనభై వైపు పరుగెత్తింది. ఆ అరుపు గేరు దిగినప్పటిది. ఇంకో దారి కూడా ఉంది. ఆ మీటల్లో 'రెజ్యూమ్' అనేది ఒకటుంటుంది, పాత వేగాన్ని గుర్తుపెట్టుకుని మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళేది. స్టీరింగు పక్కకు తిప్పేటప్పుడు బొటనవేలు దానికి తగిలితే చాలు, కారు ఇలాగే దూకుతుంది. బావగారిని అడగండి, కానీ నేరం అడిగినట్టు కాదు, దారి అడిగినట్టు. ఆ రోజు వేలు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

స్విచ్ మార్చి, తీగలు చూపించేదాకా క్రూయిజ్ ఫ్యూజు తీయించేయండి. తర్వాత కూడా, నన్నడిగితే, గిరిసోల దాటి శ్రీకాకుళం దాకా మన పదహారో నంబరు హైవే మీద క్రూయిజ్ పెట్టాల్సిన చోట్లు చాలా తక్కువ. గడ్డి ట్రాక్టర్లు ఎదురు దారిలో వస్తాయి, ఆవులు డివైడరు మీద సంసారం పెడతాయి, ఊరూరికీ జనం రోడ్డు దాటుతారు. వానలో అసలొద్దు. దిగపహండి దాటి తప్తపాణి ఘాటు ఎక్కేటప్పుడు కూడా వద్దు. ఎక్కుడులో వేగం తగ్గిందని క్రూయిజ్ గేరు దింపి అరిపిస్తుంది, మలుపులో ఉన్నవాడికి బండి తనంతట తను ఎత్తుకుపోతోందని గుండె ఆగుతుంది.

ఒక చిత్రం చెబుతాను. ఈ క్రూయిజ్‌ను కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజనీరుకు చూపు లేదు. ఐదేళ్ళప్పుడే కళ్ళు పోయాయి. తన లాయరు కారు నడుపుతూ కబుర్లు చెప్పేటప్పుడు బండి ఒకసారి కుదుపుతో ముందుకు, ఒకసారి వెనక్కి ఊగుతుంటే విసిగిపోయి, వేగం నిలకడగా ఉంచే యంత్రం మీద పనిచేశాడట. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలోకి ఎక్కింది. బండిలో ఊరికే కూర్చునేవాడి సుఖం కోసం పుట్టింది కాబట్టేనేమో, ఎదురుగా వచ్చే ట్రాక్టరు దానికి లెక్కే లేదు.

ఇక తులసికోట. ఇక్కడ మీకు కాస్త కష్టమైన మాట చెప్పాలి.

స్విచ్ ఎంత చెడినా బ్రేకు చెడదు. బ్రేకు ఆయిలు ఒత్తిడితో పట్టుకుంటుంది, స్విచ్‌తో దానికి పని లేదు. క్రూయిజ్ కూడా సామాన్యంగా నలభై కిలోమీటర్ల వేగం కింద పనిచేయదు, గేటులోంచి పాకే కారులో దానికి చోటే లేదు. నిలబడ్డ కారులో బ్రేకు గట్టిగా తొక్కి ఉంటే, ఇంజను ఎంత అరిచినా మామూలు సెడాను తులసికోట దాకా రాలేదు. ఇంజను కన్నా బ్రేకులకు బలమెక్కువ. అందుచేత గేటు దగ్గర రెండే దారులు మిగులుతాయి. బ్రేకు మీద కాలు ఇంకా పడకముందే థ్రాటిల్ ఇరుక్కుని ఎత్తుకుపోయి ఉండాలి, లేదా కాలు యాక్సిలరేటర్ మీద పడి ఉండాలి.

మొదటిదానికి ముందు పట్టాలు చూడండి. మన వాళ్ళు కారు కొన్న రోజే అసలు పట్టా మీద రబ్బరుది, దాని మీద కొబ్బరి పీచుది వేస్తారు. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో వేరే మోడలు కోసం చేసిన పట్టా టయోటా వాళ్ళ లెక్సస్ కారు ఒకదాంట్లో వేస్తే, అది పెడల్‌ను నొక్కిపట్టి, నలుగురు చచ్చిపోయారు. నడిపింది హైవే పోలీసు, చేతకానివాడు కాదు. దాంతో టయోటా లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. మీ కారులో డ్రైవరు కాళ్ళ కింద ఒక్క పట్టా, కొక్కేలకు తగిలించింది, అంతే ఉండాలి. రెండోది ఇవాళే తీసి గుమ్మం ముందు వేసుకోండి.

రెండోది, కాలు. చెల్లెమ్మా, ఇది నాకు జరిగింది, అందుకే చెబుతున్నాను. పర్లాకిమిడిలో నా షెడ్డు నడిచే రోజుల్లో ఒక ఆటోమేటిక్ బండిని, తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టి, మెడ వెనక్కి తిప్పి రివర్స్ తీస్తున్నాను. బ్రేకు తొక్కాను. బండి ఇంకా వేగంగా పోయింది. ఇంకా గట్టిగా తొక్కాను. నూనె డ్రమ్ములన్నీ దొర్లాయి, గోడ ఆపింది. దిగి బ్రేకు ఫెయిలని అరిచాను. నా దగ్గర పనిచేసే కుర్రాడు లోపలికి తొంగిచూసి, 'గురువుగారూ, మీ కాలింకా రేసు మీదే ఉందండి, రేసు తొక్కీసినారు' అన్నాడు. చూస్తే నిజమే. అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా బళ్ళు నడుపుతున్నవాడిని. నేను అబద్ధం ఆడలేదు. నా బుర్ర బ్రేకు అని ఆజ్ఞ ఇచ్చింది, కాలు నాలుగు అంగుళాలు పక్కన దిగింది, బుర్ర తన ఆజ్ఞనే నమ్మింది. కారు పోతున్నకొద్దీ ఇంకా గట్టిగా తొక్కమంటుంది. అందుకే అలాంటి మనిషి ఒట్టేస్తే ఆ ఒట్టు నిజం. కాలు మాత్రం వేరే చోట ఉంటుంది.

అమెరికాలో 1980లలో ఆడి 5000 అనే కారు మీద ఇదే గొడవ. ఇంటి ముందు, పార్కింగులో, 'పి'లోంచి తీయగానే కార్లు దూకుతున్నాయని వందల ఫిర్యాదులు. టీవీలో వచ్చింది, అమ్మకాలు పడిపోయాయి. 1989లో ప్రభుత్వం వాళ్ళు పరిశోధన చేసి, చాలావాటికి కారణం బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కడమేనని తేల్చారు. ఇంజను ఐడ్లింగు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగే వేగం, ఒక్కసారిగా పెరిగి డ్రైవరు ఉలిక్కిపడటం, పెడళ్ళ అమరిక కూడా అందుకు తోడయ్యాయన్నారు. టయోటా గొడవప్పుడు నాసా ఇంజనీర్లను పెట్టి ఎలక్ట్రానిక్స్ అంతా విప్పించి చూశారు. 2011లో, అందులో కారణం దొరకలేదని చెప్పారు. మీ ఇంట్లో లివరు 'పి'లోంచి రాక విసిగిస్తోందన్నారే, బ్రేకు తొక్కితేగానీ వదలని ఆ తాళాన్ని ఆ ఆడి కార్లకు బిగించింది ఆ గొడవ తర్వాతే. మీ కారు తాళం పనిచేస్తోంది, దానికి కబురందించే స్విచ్చే నిద్రపోతోంది.

ఉలిక్కిపడటం అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఏసీ వేసి ఉంటే, ఇంజను ఇంకా చల్లగా ఉంటే ఐడ్లింగు ఎక్కువగా ఉంటుంది, బ్రేకు వదలగానే కారు అనుకున్నదానికన్నా జోరుగా పాకుతుంది. టెక్కలి భయం ఇంకా ఒంట్లో ఉన్న మనిషి, ఇరుకు గేటు, మెడ పక్కకు తిప్పి గేటు స్తంభాన్ని చూస్తున్నారు. ఒళ్ళు తిరిగితే కాలూ జరుగుతుంది. మసి పట్టిన ఐడ్లింగు వాల్వు కూడా తుడిపించండి, ఆ పాకుడు తగ్గుతుంది.

పన్నెండేళ్ళ షుగరు అన్నారు. దీన్ని వయసుతో కలిపి మీ అబ్బాయి చేతికి ఇవ్వకండి, డాక్టరు చేతికి ఇవ్వండి. షుగరుకు పాదాల నరాలు మొద్దుబారతాయి, కాలి కింద ఏ పెడల్ ఉందో స్పర్శ తెలియదు. పాదం మీద సన్నని నైలాను తీగతో తాకి చూసే పరీక్ష ఉంటుంది, ఐదు నిమిషాల పని, నొప్పి ఉండదు. అది బాగుందని తేలితే బావగారికి కొండంత ధైర్యం. బాగాలేదంటే ఆపమని చెప్పాల్సింది మీరో మీ అబ్బాయో కాదు, డాక్టరే. ఈలోగా హవాయి చెప్పులతో నడపడం మానిపించండి. సీటు ఒక మెట్టు ముందుకు జరిపి, మడమ బ్రేకుకు ఎదురుగా నేల మీద ఆనేట్టు కూర్చోమనండి.

కారు మళ్ళీ రోడ్డెక్కే ముందు ఇద్దరూ కలిసి ఒక పని నేర్చుకోవాలి, మీరు కూడా. ఖాళీ మైదానంలో ముప్ఫై మీద పోతుండగా లివరును డ్రైవ్ 'డి' నుంచి న్యూట్రల్ 'ఎన్'లోకి తోయడం. చాలా ఆటోమేటిక్ బళ్ళలో దీనికి బొత్తాం నొక్కనక్కర్లేదు, ముందుకు ఒక తోపు చాలు. పక్క సీట్లోంచి మీ చేయి కూడా అందుతుంది. ఎప్పుడైనా కారు ఎత్తుకుపోతే బ్రేకు ఒకేసారి, ఉన్న బలమంతా పెట్టి తొక్కి పట్టుకోవాలి. తొక్కి వదిలి, తొక్కి వదిలి చేయకూడదు. థ్రాటిల్ తెరుచుకుని ఉన్నప్పుడు కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరుకు గాలి లాగే శక్తి అందదు, ఉన్న నిల్వ రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోతుంది, తర్వాత పెడల్ బండరాయిలా ఉంటుంది. బ్రేకు పట్టుకునే 'ఎన్'లోకి తోయాలి. ఇంజను పిచ్చిగా అరుస్తుంది, అరవనివ్వండి, చక్రాలకు అందదు. పక్కకు తీసి ఆగాకే తాళం తిప్పి ఇంజను ఆపాలి. పరుగులో తాళం చివరిదాకా తిప్పి బయటికి లాగితే స్టీరింగు బిగుసుకుపోతుంది.

మీ అబ్బాయికి ఒక మాట. కారు అమ్మాలా వద్దా అన్నది వేరే లెక్క. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, ఫిట్‌నెస్ చూపించాలి. ఆ ఖర్చు, విడిభాగాల ఖర్చు చూసుకుని అమ్మాలనుకుంటే అమ్మండి. ఈ రెండు సంఘటనల పేరు చెప్పి మాత్రం అమ్మకండి. స్విచ్ మార్చకుండా అమ్మడం అసలు వద్దు, కొన్నవాడి ముందు కూడా ఓ గడ్డి ట్రాక్టరు ఉంటుంది.

మెకానిక్ తీసేసిన పాత స్విచ్‌ను చెత్తలో వేయనివ్వకండి. ఇంటికి తెచ్చి బావగారి చేతిలో పెట్టండి, ఆ రోజు అన్నం వేళకు. తులసికోట మళ్ళీ కట్టిస్తారు కదా, మీ ఇంటి దిక్కులు నాకు తెలియవు గానీ వీలైతే గేటుకు సూటిగా కాకుండా ఓ మూడడుగులు పక్కకు కట్టించండి.

మీ అన్నయ్య